మూడో స్టాపు

జగదీశ్ తన డ్రమ్ములను ఇంకొకరి చేత మోయించడు. ఆ ఆదివారం పొద్దున కూడా పెద్ద డ్రమ్మును చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పొదివి పట్టుకుని తెచ్చి, పాల్మాకుల చర్చి ముందు వేసిన షామియానా కింద దించాడు. చర్చికి యాభై ఏళ్లు నిండిన పండుగ అది. ముందు ప్రార్థన, ఆపైన భోజనాలు, ఆపైన పాటల కచేరీ. కచేరీ చేయాల్సింది ఆరేళ్లుగా ఒకచోట కూర్చుని ఛాయ్ కూడా తాగని నలుగురు. వాళ్ల బ్యాండు పేరు 'జర ఆగు'.

ఆ పేరు వాళ్లకు ఎవరూ పెట్టలేదు. పదమూడేళ్ల కిందట, విమానాల మోతకు కోళ్లు సరిగా గుడ్లు పెట్టడం లేదని జగదీశ్ తల్లి లింగమ్మ తన కోళ్ల షెడ్డు మూసేసింది. కోళ్లు ఖాళీ చేసిన చోటికి బ్యాండు దిగింది. కాటేదాన్‌లో బీరువాలు చేసే కార్ఖానాలో పనిచేసే జగదీశ్‌ది డ్రమ్స్. పాస్టరు జయశీలన్ గారి కొడుకు ఆశేర్‌ది గిటారు. చర్చి క్వయర్‌లో హార్మోనియం వాయించే వినీల కీబోర్డుకు మారింది. అదే క్వయర్‌లో అందరికన్నా ముందు గొంతెత్తి అందరికన్నా చివర దించే డోర్కాస్ పాట పాడేది. కోళ్లు వెళ్లిపోయినా వాసన మాత్రం రెండేళ్లు షెడ్డునూ, వాళ్ల వాయిద్యాలనూ వదల్లేదు. మొదటి రోజుల్లో వాళ్ల కచేరీకి వచ్చినవాళ్లు ముక్కులు ఎగబీల్చి చుట్టూ చూసేవాళ్లు.

షెడ్డుకు వాసనతో పాటు ఇంకో తంటా ఉండేది. పాట సగంలో ఉండగా నెత్తి మీదికి విమానం వచ్చేది. రేకులు గడగడలాడేవి. ఎవరి వాయిద్యం వాళ్లకే వినపడేది కాదు. అందుకని విమానం చప్పుడు మొదలవగానే ఎవరో ఒకరు చెయ్యెత్తి "జర ఆగు" అనేవాళ్లు, అందరూ ఆగేవాళ్లు. అలాంటి ఒక సాయంత్రం రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి విద్యార్థి ఒకతను ఫోన్ చేశాడు. వాళ్ల కాలేజీ పండుగలో పాడాలట. "మీ బ్యాండు పేరేంటండీ?" అని అడిగాడు. సరిగ్గా అప్పుడే పైన విమానం. డోర్కాస్ ఫోనులోకే "జర ఆగు!" అని అరిచింది. అతను రాసుకుని పెట్టేశాడు. వారం తర్వాత చూస్తే పోస్టరంతా జర ఆగు, జర ఆగు. ఆ రోజు స్టేజీ మీద యాంకరమ్మ మైకు పట్టుకుని "ఇప్పుడు... జర ఆగు!" అనేసరికి, పాపం, జనం చప్పట్లు కొట్టకుండా నిజంగానే ఆగారు.

ఆగడం తేలికే కానీ మళ్లీ ఎత్తుకోవడం దగ్గర గొడవైపోయేది. విమానం వెళ్లాక ఒకరు ముందు, ఒకరు వెనక మొదలుపెట్టేవాళ్లు. ఆశేర్ పల్లవిలో ఉంటే వినీల చరణంలో ఉండేది. దానికి ఉపాయం జగదీశ్ కనిపెట్టాడు. అతను రోజూ పని నుంచి బస్సులో ఇంటికి వచ్చేవాడు. కండక్టరు కేకలు చెవుల్లో నాటుకుపోయాయి. డ్రమ్ము అంచు మీద పుల్లతో మెల్లగా టిక్కు టిక్కుమనిపిస్తూ, నాలుగు దెబ్బలకు ఒక స్టాపు చొప్పున నోట్లో చెప్పుకునేవాడు. ఆరాంఘర్. గగన్‌పహాడ్. సాతంరాయి. శంషాబాద్. తొండుపల్లి. పాల్మాకుల. ఆరో స్టాపు దాటేసరికి ఎంత పెద్ద విమానమైనా పోయేది. అప్పుడు నలుగురూ ఒక్కసారిగా అందుకునేవాళ్లు. దాన్ని వాళ్ల భాషలో 'పాల్మాకులల దిగుడు' అంటారు. కొత్త పాట కుదరకపోతే "నువ్వు తొండుపల్లిలనే దిగిపోయినవ్" అని తిట్టుకునేవాళ్లు.

వాళ్లకు పేరు తెచ్చిన పాట 'కిటికీ సీటు'. అందులో డోర్కాస్ "ఒక్క మాట చెప్పాల్నని ఉన్నది నీకు..." అని ఆపేస్తుంది. షెడ్డులో ఫోను పెట్టి రికార్డు చేసిన రోజున సరిగ్గా అక్కడే విమానం వచ్చింది. ఆరు స్టాపులు లెక్కపెట్టి దిగారు. "కిటికీ సీటు నాకియ్యి, నా భుజం నీకిస్త" అని ఆమె అందుకుంది. ఆ రికార్డు వింటూ, ఏదో ప్రేమ కబురు వస్తుందని ఊపిరి బిగబట్టిన జనం కిటికీ సీటు అనేసరికి పగలబడి నవ్వారు. ఆ ఖాళీ కోసమే పాట ఫోన్లన్నీ తిరిగింది. విమానాలు లేని ఊళ్లలో కూడా ఆ చోట ఆగి, ఆరు స్టాపులు లెక్కపెట్టి దిగేవాళ్లు. ఏడేళ్లు తిరిగారు. వరంగల్, విశాఖ, బెంగళూరు దాకా వెళ్లొచ్చారు.

జగదీశ్‌కు ఆ ఖాళీ ప్రాణం. గాయని వెనక, గిటారు వెనక, పొగ వదిలే మిషను వెనక కూర్చునే మనిషి అతను. మొత్తం కచేరీలో అతను ఒక్కడే ఉండే చోటు ఆ ఆరు స్టాపులు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని భయం.

తర్వాత ముంబైలో ఒక మ్యూజిక్ కంపెనీవాళ్లు డోర్కాస్‌ను ఒక్కదాన్నే పిలిచారు. వెళ్లమని ముగ్గురూ చెప్పారు, జగదీశే విమానాశ్రయం దాకా దిగబెట్టాడు. మూడు నెలలకు ఆమె పేరుతో 'కిటికీ సీటు' కొత్తగా వచ్చింది. బస్సు దిగుతూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాడు. "ఒక్క మాట చెప్పాల్నని ఉన్నది నీకు" అంది, వెంటనే "కిటికీ సీటు నాకియ్యి" అంది. మధ్యలో ఏమీ లేదు. ఆరు స్టాపులూ ఎత్తేశారు. రోడ్డు పక్కన నిలబడి మూడుసార్లు విన్నాడు, మూడుసార్లూ లేదు. ఆ రోజు నుంచి ఆమె ఫోన్ ఎత్తలేదు. ఆమె పాట టీవీలో వస్తే చానల్ మార్చేవాడు, ఆమె కచేరీ వీడియో ఎవరైనా చూపించబోతే లేచి వెళ్లిపోయేవాడు. అలగడంలో తల్లికి తగ్గ కొడుకు.

అలా బ్యాండు చెదిరింది. ఎవరి దారి వాళ్లది. ఆశేర్ గిటారుతో ఆరాధన పాటలు చేశాడు. మొదట్లో వాళ్ల నాన్న చెవులు మూసుకున్నా ఇప్పుడు చేవెళ్ల దాకా చర్చిల్లో అవే పాడుతున్నారు. వినీల టీవీ ప్రకటనలకు బాణీలు కడుతుంది. ఏ ఇంట్లోనైనా కుక్కరు ప్రకటన రాగానే పిల్లలు ఎగిరి గంతేస్తున్నారంటే ఆ పుణ్యం ఆమెదే. జగదీశ్ కూడా ఊరుకోలేదు. కార్ఖానాలో బీరువాల తలుపులు, అరలు, తాళాలు వాయించి 'ఇనుము' అని ఐదు ముక్కల ఆల్బం చేశాడు. దాన్ని రెండు వందల పన్నెండు సార్లు విన్నారని నెట్టులో చూపిస్తుంది. అందులో నూటయాభై సార్లు లింగమ్మ ఫోనులోంచే.

జయశీలన్ గారు నలుగురికీ తనే ఫోన్ చేశారు. మీ మొదటి పాట ఈ చర్చిలోనే మొదలైంది, యాభయ్యేళ్ల పండుగకు మీరు పాడకపోతే నేను వాక్యం చెప్పను అన్నారు. పాస్టరుగారు వాక్యం చెప్పకుండా ఉండటం జరిగే పని కాదని అందరికీ తెలుసు. అయినా ఎవరూ కాదనలేకపోయారు. జగదీశ్ కూడా "సరే అయ్యగారూ" అన్నాడు. అని, మనసులో ఒకటి గట్టిగా అనుకున్నాడు. 'కిటికీ సీటు' వాయిస్తాడు. కానీ ఆమె రికార్డులో ఎలా ఉందో అలాగే వాయిస్తాడు, మధ్యలో ఆగడు. తన చేతులతో ఆ ఖాళీని తీసుకొచ్చి మళ్లీ ఆమె ముందు పెట్టడు.

ఆశేర్ గిటారు తీగలు బిగిస్తూ అడిగాడు. "అన్నా, నడుమ ఆపుడు ఉంటది గదా?"

"ఎందుకుంటది? రికార్డుల ఎట్లుంటే గట్లనే."

"స్టేజీ మీద ఆమె ఎట్ల పాడుతదో ఒక్కసారన్న చూసినవా నువ్వు?" అంది వినీల. ఫోన్ తీసి అతని ముందు పెట్టబోయింది.

"నాకొద్దు. లోపల వెయ్యి దాన్ని."

"అరే, ఒక్క నిమిషం చూడరాదూ..."

"వినీలా, నన్ను పరేషాన్ చెయ్యకు." అప్పటికే బిగిసి ఉన్న డ్రమ్ము మరను ఇంకా బిగించడం మొదలుపెట్టాడు జగదీశ్. వినీల, ఆశేర్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆశేర్ నవ్వు ఆపుకోవడానికి గిటారు మీదికి వంగాడు. "సరే అన్నా, నీ ఇష్టం" అన్నాడు.

డోర్కాస్ భోజనాల వేళకు వచ్చింది. ముంబై విమానం ఆలస్యమైందట. ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా వచ్చినట్టుంది, బ్యాగుకు చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది. కారు దిగగానే లింగమ్మ పోయి ఆమెను కావలించుకుంది. "ఏం బిడ్డా, గింత చిక్కినవ్? ముంబైల బువ్వ పెట్టరా?" అంటూ చెయ్యి పట్టుకుని విస్తరి ముందుకు లాక్కుపోయింది. ఆమె ఎక్కడికి వెళ్లినా జనం ఫోన్లు ఎత్తి పట్టుకుంటున్నారు. రాజేంద్రనగర్ నుంచి కాలేజీ పిల్లలు బస్సు కట్టించుకుని మరీ వచ్చారు. శంషాబాద్ చుట్టుపక్కల చర్చిల వాళ్లు, ఊరి రైతులు, ఆడవాళ్లు, అందరితో షామియానా నిండిపోయింది.

చెయ్యి కడుక్కుని ఆమె నేరుగా డ్రమ్ముల దగ్గరికి వచ్చింది.

"బాగున్నవా అన్నా?"

"ఆఁ."

"'ఇనుము' విన్న. నాలుగో ముక్కల ఆ తాళం సప్పుడు మస్తుంది."

రెండు వందల పన్నెండులో ఒకటి ఆమెదన్నమాట. జగదీశ్ పుల్లలు చేతిలోకి తీసుకున్నాడు. "టైమైతున్నది. మైకు చూసుకో పో" అన్నాడు. ఆమె తల ఊపి వెళ్లిపోయింది. ఆ వెళ్లిపోవడం చూస్తే అతనికి బాధేసింది. ఆ బాధ వేసినందుకు మళ్లీ కోపం వచ్చింది.

కచేరీ మొదలైంది. మొదటి పాట కాస్త తడబడింది. రెండో పాటకు వేళ్లు దారిలో పడ్డాయి. మూడో పాటకు జగదీశ్‌కు తెలియకుండానే నవ్వు వచ్చేసింది. ఆరేళ్లయినా ఆశేర్ ఎక్కడ తొందరపడతాడో, వినీల ఎక్కడ ఒక మెట్టు ఎక్కువ ఎక్కుతుందో అతని చేతులకు గుర్తుంది. డోర్కాస్ గొంతు అప్పటికన్నా చిక్కబడింది. వీపు అతనివైపు పెట్టి పాడటం మాత్రం మారలేదు. జయశీలన్ గారు ముందు వరుసలో కూర్చుని కాలితో తాళం వేస్తూ, ఎవరైనా చూస్తున్నారేమోనని మధ్యమధ్య ఆపుతున్నారు.

చివరికి 'కిటికీ సీటు' ఎత్తుకున్నారు. మొదటి వరుస వినగానే షామియానా అదిరిపోయింది. పిల్లలు కుర్చీలు ఎక్కారు. జగదీశ్ పళ్లు బిగించి వాయిస్తున్నాడు. ఆ చోటు దగ్గరికి వస్తోంది. ఆగను, ఆగను అనుకుంటున్నాడు. ఆకాశంలో కూడా విమానం జాడ లేదు.

"ఒక్క మాట చెప్పాల్నని ఉన్నది నీకు..."

డోర్కాస్ చెయ్యెత్తింది. ఆశేర్ గిటారు ఆగింది. వినీల కీబోర్డు ఆగింది. అంత నిశ్శబ్దంలో జగదీశ్ డ్రమ్ములు మాత్రం ధనాధన్ నాలుగు దెబ్బలు వేసి, ఎవరూ లేని చోట ఒంటరిగా పరుగెత్తినట్టయి, సిగ్గుపడి అవీ ఆగిపోయాయి.

అప్పుడు డోర్కాస్ మైకు జనంవైపు చాపి, కండక్టరు గొంతు పెట్టి కేక వేసింది. "ఆరాంఘర్!"

"ఆరాంఘర్!" అంది షామియానా మొత్తం.

"గగన్‌పహాడ్!"

"గగన్‌పహాడ్!"

జగదీశ్ చేతుల్లో పుల్లలు అలాగే ఉండిపోయాయి. ఈ పిల్లలకు ఇది ఎలా తెలుసు? ఇది తన నోట్లో తను చెప్పుకున్న మాట కదా! రాజేంద్రనగర్ పిల్లలు వేళ్లు చూపిస్తూ అరుస్తున్నారు. పక్కనుంచి వినీల "ముంబైల గూడ గిట్లనే అరుస్తరన్నా, పుణెల గూడ! నిన్ను చూడమంటే చూస్తివా?" అంది. ఎన్నడూ ఆరాంఘర్ మొహం చూడని జనం ఎక్కడో నిలబడి అతని బస్సు స్టాపులు పలుకుతున్నారట.

అంతలో ఒక వింత జరిగింది. గగన్‌పహాడ్ తర్వాత డోర్కాస్ ఏమీ అనలేదు. చెయ్యి పైకెత్తి నిలబడింది. జనం కూడా అలవాటున్నట్టు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు దెబ్బల ఖాళీ. ఆ తర్వాత వచ్చేది శంషాబాద్ అన్నట్టు ఆమె నోరు తెరవబోతోంది.

జగదీశ్ తట్టుకోలేకపోయాడు. ఆరేళ్ల అలక, పొద్దున్నుంచి బిగించిన మరలు, అన్నీ మరచిపోయాడు. లెక్క తప్పితే ఊరుకునే మనిషి కాదు. పీట మీద నుంచి లేచి నిలబడి, మైకు లేకుండానే గొంతు చించుకుని అరిచాడు.

"సాతంరాయి!"

అందరి తలలూ ఒక్కసారిగా అటు తిరిగాయి. డోర్కాస్ కూడా వెనక్కి తిరిగింది.

"గదేంది?"

"నడుమ సాతంరాయి ఉంటది! గగన్‌పహాడ్ నుంచి ఉరికితే శంషాబాద్‌లనే పడతవా? బస్సా, విమానమా అది?"

నవ్వులతో షామియానా ఊగిపోయింది. ఆడవాళ్ల వరుసలోంచి, సాతంరాయి నుంచి వచ్చిన స్వరాజ్యం అనే ఆవిడ కొంగు నడుముకు చుట్టుకుని లేచింది. "గట్ల అడుగు బిడ్డా! ఫోనుల చూసినప్పుడల్లా నేను మొత్తుకుంట, మా ఊరు ఏడ వోయిందని!"

డోర్కాస్ మైకు పక్కకు దించింది. నవ్వుతోంది, కళ్లు మాత్రం నిండిపోయాయి. "నడుమ ఊర్లు ఉన్నయని ఎరుకే, నువ్వు ఏది పలికేటోనివో నాకెట్ల ఎరుక అన్నా? నీకు వీపు పెట్టి పాడేదాన్ని. షెడ్డుల విమానం సప్పుడు సరిగ్గ మూడో స్టాపు మీదనే పడేది, బయటి ఊళ్లల్ల జనం గోల. ఏడేండ్లల్ల ఒక్కనాడు గూడ అది నాకు వినబడలే."

"అడుగుతే చెప్పకపోదునా?"

"ఫోన్ ఎత్తుతే గద అడిగేది! స్టుడియోవాళ్లు, గింత సేపు ఏం లేకుంటే వినేటోళ్లు ఫోను ఖరాబైందనుకుంటరని కోసేసిండ్రు. అప్పుడు నేను నోరు తెరవలే. తప్పు నాదే, చెప్పుకోనీకి సిగ్గయింది. అందుకే స్టేజీ మీద ఎన్నడు కొయ్యనియ్యలే. మూడోది మాత్రం ఇంకెవర్ని అడగబుద్ధి కాలే. అది నీది. నువ్వొచ్చి చెప్పేదాంక గట్లనే ఖాళీ ఉంచిన."

తన ఆరు స్టాపులను ఎత్తేసిందని జగదీశ్ ఆరేళ్లు తిట్టుకున్న మనిషే వాటిని దేశమంతా తిప్పింది. తెలియని ఒక్కదాన్ని అతని కోసం ఖాళీగా అట్టే పెట్టింది. ఏడుపు, నవ్వు రెండూ ఒకేసారి తోసుకొచ్చాయి. ఏం చేయాలో తెలియక ఆశేర్ ముందున్న మైకు లాక్కున్నాడు. జనం అప్పటికే మళ్లీ మొదలెట్టమని గోల చేస్తున్నారు. డ్రమ్ములు వాయించేవాడు మైకులో మాట్లాడటం ఆ బ్యాండు చరిత్రలో అదే మొదలు.

"జర ఆగు!" అన్నాడు.

షామియానా నిశ్శబ్దమైపోయింది. అతను పీట మీద కూర్చుని పుల్ల తీసుకున్నాడు. ఆశేర్, వినీల సర్దుకున్నారు. డోర్కాస్ ఈసారి జనానికి వీపు పెట్టి అతనివైపు తిరిగి నిలబడింది.

"ఒక్క మాట చెప్పాల్నని ఉన్నది నీకు..."

డ్రమ్ము అంచు మీద టిక్కు టిక్కుమని మొదలైంది. "ఆరాంఘర్!" అన్నాడు జగదీశ్. జనం అన్నారు. "గగన్‌పహాడ్!" అన్నాడు. జనం అన్నారు. మూడోదాని కోసం స్వరాజ్యం కుర్చీ ఎక్కి నోటికి చేతులు అడ్డం పెట్టుకుని సిద్ధంగా ఉంది. సరిగ్గా అప్పుడు, ఇంతసేపూ ఎక్కడ దాక్కుందో ఏమో, చర్చి పైనుంచి పెద్ద విమానం దూసుకొచ్చింది. షామియానా గుడ్డ పటపటలాడింది. వెయ్యి నోళ్లు కలిసి అరిచిన సాతంరాయి ఆ మోతలో ఒక్క ముక్క కూడా వినపడకుండా పోయింది. స్వరాజ్యం చెప్పు తీసి ఆకాశంవైపు చూపించింది.

కానీ డోర్కాస్ అతని పెదవులనే చూస్తోంది. అతను నిదానంగా, చిన్నపిల్లకు నేర్పినట్టు పలికాడు. ఆమె పెదవులు కూడా అలాగే కదిలాయి. సా-తం-రా-యి.

మోత దూరమైంది. శంషాబాద్ వచ్చింది, తొండుపల్లి వచ్చింది. లింగమ్మ కూడా లేచి చేతులు ఊపుతోంది. జయశీలన్ గారి కాలు ఇక ఎవరు చూసినా ఆగేలా లేదు. జగదీశ్ పుల్ల పైకెత్తాడు, నలుగురూ కలిసి పాల్మాకులలో దిగారు.